పక్క గదిలోని సర్వర్ ఎంత దూరం?

1971లో రే టామ్లిన్‌సన్ మొట్టమొదటి నెట్‌వర్క్ ఈమెయిల్ పంపినప్పుడు, పంపిన యంత్రమూ అందుకున్న యంత్రమూ పక్కపక్కనే ఉన్నాయి. అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్నంలో, బీబీఎన్ అనే సంస్థలో ఉన్న పీడీపీ-10 కంప్యూటర్లవి. రెంటికీ మధ్య ఉన్న లంకె అర్పానెట్ ఒక్కటే. చెయ్యి చాస్తే అందే యంత్రానికి నాలుగు ముక్కలు చేరవేయాలన్నా నెట్‌వర్క్‌లోకి దిగాల్సిందే. అప్పటికీ ఇప్పటికీ ఈమెయిల్ సర్వర్లు రూపు మారాయి, పరిమాణం మారింది, కానీ ఈ ఒక్క సంగతి మారలేదు. గోడ అవతల ఉన్న సర్వర్‌ను కూడా దాన్ని నడిపే మనిషి చేత్తో ముట్టుకోడు. తన బల్ల మీది కంప్యూటర్ నుంచి లోకల్ నెట్‌వర్క్ ద్వారా ఆదేశాలు పంపుతాడు, జవాబులు చదువుతాడు. అంటే ఆ సర్వర్ దూరపు సర్వరే. అయినా చాలా ఆఫీసుల్లో పక్క గదిలోని సర్వర్‌కు ఒక పద్ధతి, పరాయి ఊళ్ళోని సర్వర్‌కు ఇంకో పద్ధతి నడుస్తుంటుంది. బయటి నుంచి వచ్చేవాడికి సవాలక్ష తనిఖీలు, లోపలివాడికి తెరిచిన తలుపులు. ఈ తేడా పాటించడానికి సాంకేతికంగా ఆధారం లేదనీ, ఈమెయిల్ చరిత్రలో పెద్ద దెబ్బలు కొన్ని సరిగ్గా ఈ తేడా దగ్గరే తగిలాయనీ చూపించడం ఈ అధ్యాయం పని.

ముందు సర్వర్ వైపు నుంచి చూద్దాం. ఒక కనెక్షన్ వచ్చినప్పుడు దానికి తెలిసేది అవతలి ఐపీ అడ్రసు, ఆ కనెక్షన్‌లో వచ్చే అక్షరాలు, అంతే. ఎవరు కూర్చున్నారో, ఏ గదిలో కూర్చున్నారో తెలియదు. ఆలస్యాన్ని బట్టి దూరం ఊహించవచ్చు కదా అంటే అదీ కుదరదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి తిన్నగా గీత గీస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు. పోయి రావడానికి కాంతికి 6 మిల్లీసెకన్లు చాలు. మధ్యలో రౌటర్ల ఆలస్యం కలిపినా, కీబోర్డు మీద ఒక కీ నుంచి ఇంకో కీకి వేలు కదలడానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువే. మనిషి టైపు చేసే నిర్వహణ పనిలో ముంబై నుంచి వచ్చిన అక్షరానికీ పక్క గది నుంచి వచ్చిన అక్షరానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇక మిగిలింది ఐపీ అడ్రసు. అది నమ్మదగ్గ గుర్తింపా అన్నదే అసలు ప్రశ్న.

ఈమెయిల్ వ్యవస్థ పుట్టుకలోనే ఎంత నమ్మకం కలిసి ఉందో తెలియాలంటే సర్వర్లు మాట్లాడుకునే తీరు ఒక్కసారి దగ్గరగా చూడాలి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నియమాల ప్రకారం, 25వ పోర్టుకు కనెక్షన్ రాగానే సర్వర్ 220 అనే అంకెతో పలకరిస్తుంది. అవతలి యంత్రం ‘హెలో’ అని తన పేరు చెబుతుంది. సర్వర్ 250 అంటుంది, అంటే సరే అని. ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపినవారి చిరునామా వస్తే మళ్ళీ 250. ‘ఆర్‌సీపీటీ టు’ అని అందుకునేవారి చిరునామా వస్తే మళ్ళీ 250. ‘డేటా’ అంటే 354, కానివ్వమని. ఉత్తరం పాఠమంతా వచ్చాక ఒక వరుసలో చుక్క ఒక్కటే పెడితే ముగిసినట్టు. ఈ మొత్తం సంభాషణలో నువ్వెవరు, రుజువేది అనే ప్రశ్న ఒక్కచోటా లేదు. పంపినవారి స్థానంలో ఎవరి పేరు పెట్టినా సర్వర్ 250 అనే అంటుంది. దీన్ని పోస్టెల్ అజాగ్రత్త అనడం అన్యాయం. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, సైన్యం కంప్యూటర్లు. ఎవరి యంత్రం ఎక్కడుందో అందరికీ తెలుసు. ఒక్కమాటలో అప్పటి ఇంటర్నెట్ మొత్తం ఒక పెద్ద లోకల్ నెట్‌వర్క్ లాంటిదే. పరిచయమే రక్షణ అనుకున్న కాలం అది.

ఆ అనుకోలుకు 1988 నవంబర్ 2న గట్టి దెబ్బ తగిలింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు ప్రోగ్రాం ఒక రాత్రిలో దేశమంతా పాకింది. 6,000 యంత్రాలు పడకేశాయని అప్పట్లో అంచనా కట్టారు. అది ఎవరూ లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు గానీ, దెబ్బ పెద్దదని చెప్పడానికి చాలు. ఆ పురుగు లోపలికి వచ్చిన దారుల్లో రెండు మన విషయానికి ముఖ్యం. మొదటిది సెండ్‌మెయిల్. ఎరిక్ ఆల్మన్ బర్క్లీలో రాసిన ఈ మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలో ‘డీబగ్’ అనే ఆదేశం ఉండేది. సెండ్‌మెయిల్ అమరికలు మహా చిక్కువి; దూరపు యంత్రంలో మెయిల్ సరిగా పోతోందో లేదో పరీక్షించుకోవడానికి ఆ ఆదేశం అడ్మిన్లకు పనికొచ్చేది కాబట్టి చాలాచోట్ల దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచారు. ఆ మోడ్‌లో అందుకునేవారి చిరునామా ఉండాల్సిన చోట ఒక ఆదేశం పెడితే సర్వర్ దాన్ని నడిపేస్తుంది. పురుగు చేసింది అదే. రెండోది, యంత్రాల మధ్య ముందే రాసిపెట్టిన నమ్మకాల జాబితాలు. ఫలానా యంత్రం నుంచి వస్తే పాస్‌వర్డు అడగక్కర్లేదు అని బర్క్లీ యూనిక్స్‌లో ఒక ఫైల్లో రాసుకునే సౌకర్యం ఉండేది. ఒక యంత్రంలో దూరిన పురుగు ఆ ఫైళ్ళు చదువుకుని తరవాతి యంత్రానికి నేరుగా నడిచింది. గమనించండి, ఈ రెండూ పొరపాటున మిగిలిన కన్నాలు కావు. సర్వర్‌ను దూరం నుంచి నిర్వహించడం సులువు కావాలని, లోపలివాళ్ళకు ఇబ్బంది ఉండకూడదని ఏరికోరి పెట్టిన తలుపులు.

అప్పట్లో సర్వర్ నిర్వహణకు వాడే సాధనం టెల్‌నెట్, 23వ పోర్టు. యూజర్ పేరు, పాస్‌వర్డు, ఆ తరవాతి ప్రతి ఆదేశం అందులో ఉన్నదున్నట్టుగా తీగ మీద పోయేవి. ఆనాటి ఈథర్‌నెట్‌లో ఒకే కేబుల్‌కు ఆఫీసు కంప్యూటర్లన్నీ తగిలించి ఉండేవి. ఒకరికి ఉద్దేశించిన మాట అందరి తలుపూ తడుతుంది, తమది కానిదాన్ని పట్టించుకోకపోవడం మర్యాద మాత్రమే. రచ్చబండ మీద కూర్చుని పాస్‌వర్డు గట్టిగా చదవడమన్నమాట. వినదలచుకున్నవాడికి ప్రత్యేక విద్య అక్కర్లేదు, ఒక చిన్న ప్రోగ్రాం చాలు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. టెల్‌నెట్‌కు 23, ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీకి 21 ఉంటే, రెంటి బదులూ ఇదే వాడాలన్న ఉద్దేశంతో మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు. ఈనాడు సముద్రాల అవతలి సర్వర్లను నడపడానికి మనం వాడే ముఖ్య సాధనానికి పురిటిగది ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్. అది కాపాడటానికి పుట్టింది లోపలివాళ్ళ చెవుల నుంచి.

తరవాత స్విచ్‌లు వచ్చాయి, ఎవరి మాట వారికే పంపడం మొదలైంది కాబట్టి ఆ బెడద తీరిందని కొందరంటారు. తీరలేదు. లోకల్ నెట్‌వర్క్‌లో ఒక ఐపీ అడ్రసు ఏ యంత్రానిదో కనుక్కునే ఏఆర్‌పీ అనే పద్ధతి 1982 నాటిదే. ‘ఈ అడ్రసు ఎవరిది?’ అని ఒక యంత్రం అందరినీ అడుగుతుంది. ‘నాదే’ అని ఎవరు చెబితే వారిదే. రుజువు అడగడం అందులో లేదు. మెయిల్ సర్వర్ అడ్రసు నాదే అని రిసెప్షన్‌లోని కంప్యూటర్ చెప్పినా నమ్మేస్తుంది, అడ్మిన్ అక్షరాలన్నీ దాని మీదుగా పోతాయి. దీన్ని ఆపే స్విచ్‌లు ఉన్నాయి గానీ ఆ రక్షణను అడ్మిన్ తనంతట తాను ఆన్ చేసుకోవాలి. ఒక విచిత్రం: ఏఆర్‌పీ రౌటర్ దాటి పోదు. కాబట్టి ఈ రకం మోసం చేయాలంటే లోకల్ నెట్‌వర్క్‌లో ఉండి తీరాలి. లోపల ఉన్నామన్న ధీమాకు ఇంతకంటే పెద్ద వెక్కిరింపు లేదు. ఎస్‌ఎస్‌హెచ్ దీనికి జవాబుగా సర్వర్‌కే ఒక కీ ఇస్తుంది. మొదటిసారి లాగిన్ అయినప్పుడు దాని వేలిముద్ర లాంటి అక్షరాల వరుస తెర మీద చూపించి ఇది నమ్మదగ్గదేనా అని అడుగుతుంది. మన వాళ్ళు చదవకుండా ‘యస్’ కొడతారు. నిజానికి పక్క గదిలో సర్వర్ ఉండటం వల్ల వచ్చే గొప్ప లాభం ఇక్కడే ఉంది. లేచి వెళ్ళి, సర్వర్‌కే తగిలించిన తెర మీద ఆ వేలిముద్ర చూసి రాసుకుని, తన తెర మీది దానితో సరిపోల్చుకోవచ్చు. ఆ తరవాత సర్వర్ బదులు ఇంకెవరైనా జవాబిస్తే ఎస్‌ఎస్‌హెచ్ పెద్దక్షరాలతో హెచ్చరించి ఆపేస్తుంది.

లాగిన్ సంగతి అలా ఉంచి, మెయిల్ సర్వర్ తన ఉత్తరాల విషయంలో లోపలివాళ్ళను ఎలా చూస్తుందో చూద్దాం. నా దృష్టిలో ఈ వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ లోకమంతా వాడే మెయిల్ సర్వర్. అందులో ‘మైనెట్‌వర్క్స్’ అనే జాబితా ఉంటుంది. ఆ జాబితాలోని అడ్రసుల నుంచి వస్తే పాస్‌వర్డు అడగకుండా ప్రపంచంలో ఎవరికైనా ఉత్తరం చేరవేస్తుంది. జాబితా మనం రాయకపోతే ఏం చేయాలి? మొదటి నుంచీ ఉన్న పద్ధతి ప్రకారం, సర్వర్ ఏ లోకల్ నెట్‌వర్క్‌లో ఉందో ఆ నెట్‌వర్క్ అంతా మనవాళ్ళే అనుకునేది. మామూలు అమరికలో అంటే 254 అడ్రసులు. సర్వర్ ఆఫీసులో ఉన్నంతకాలం ఇది సబబుగానే కనిపించింది. అదే సర్వర్‌ను అద్దె డేటా సెంటర్లో పెట్టండి. ఇప్పుడు దాని లోకల్ నెట్‌వర్క్‌లో ఉండే ఇరుగుపొరుగు ఎవరు? ముక్కూ మొహం తెలియని అద్దెదార్ల యంత్రాలు. వాటిలో ఒకటి స్పామ్ ముఠా చేతిలో పడితే చాలు, మన సర్వర్ వాళ్ళ ఉత్తరాలు మన పేరు మీద మోసిపెడుతుంది. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0లో ఈ పద్ధతిని మార్చేశారు. ఇప్పుడు జాబితా రాయకపోతే సర్వర్ నమ్మేది తనను తాను మాత్రమే. నెట్‌వర్క్ భద్రత గురించి లోతుగా ఆలోచించే మనిషి రాసిన ప్రోగ్రాం పదహారేళ్ళ తరవాత పొరుగువాళ్ళ మీద నమ్మకం వదులుకుందంటే, అది ఊరికే చేసిన మార్పు కాదు.

ఇదే జాబితా ఇంకో రకంగానూ ముంచుతుంది. సర్వర్ ముందు ఫైర్‌వాల్‌నో మరో మధ్యవర్తి ప్రోగ్రాంనో పెట్టినప్పుడు, అది బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌ను లోపలికి పంపుతూ పంపినవారి అడ్రసు స్థానంలో తన అడ్రసు పెట్టేయవచ్చు. అలా అమరిస్తే సర్వర్‌కు లోకంలోని ప్రతి కనెక్షనూ 192.168తోనో 172.17తోనో మొదలయ్యే అడ్రసు నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. అంటే అందరూ ఇంటివాళ్ళే. కొద్ది గంటల్లో స్పామర్లు పసిగడతారు, మర్నాటికి సర్వర్ పేరు బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంది, ఆఫీసువాళ్ళు పంపిన అసలు ఉత్తరాలు తిరిగొస్తాయి. అడ్మిన్ లాగ్ తెరిచి చూస్తే దొంగ అడ్రసు ఒక్కటీ ఉండదు. ప్రతి వరుసలోనూ తన ఫైర్‌వాల్ అడ్రసే. తాళం పగలలేదు, పాస్‌వర్డు పోలేదు. అడ్రసును చూసి మనిషిని నమ్మడమే మొత్తం కథ. అందుకే ఉద్యోగులు తమ కంప్యూటర్ల నుంచి ఉత్తరాలు అప్పగించడానికి 1998లోనే 587 అనే వేరే పోర్టు కేటాయించారు. అక్కడ లోపలివాడైనా బయటివాడైనా పేరూ పాస్‌వర్డూ చెప్పాలి. పక్క సీటులోని గుమస్తా కూడా చెప్పాలా అంటే, చెప్పాలి.

దీనికి మొదటి అభ్యంతరం సహజమైనదే. కేబుల్ మనది, గది మనది, తాళం మన జేబులో ఉంది, లోపలికి వచ్చేదెవరు? మనుషులు రానక్కర్లేదు, యంత్రాలు ముందే వచ్చేశాయి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం లక్షల కొద్దీ సీసీ కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను పట్టుకుంది. అది చేసిందల్లా టెల్‌నెట్ తలుపు తట్టి, ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా పేరు-పాస్‌వర్డు జతలను వరసగా ప్రయత్నించడం. కెమెరా కొన్న రోజున దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కే తగిలిస్తారు. ఆ క్షణం నుంచి అది మెయిల్ సర్వర్‌కు పొరుగు. ఇక ఉద్యోగుల కంప్యూటర్ల సంగతి. ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన అటాచ్‌మెంట్‌ను అకౌంట్స్‌లో ఎవరో తెరుస్తారు. దాన్ని లోపలికి మోసుకొచ్చింది మనం నడుపుతున్న మెయిల్ సర్వరే. ఆ తరవాత దొంగ ప్రోగ్రాం మాట్లాడేది లోపలి అడ్రసు నుంచి.

ఎన్‌క్రిప్షన్ వల్ల పని నెమ్మదిస్తుందనే అభ్యంతరం 1995లో కొంత నిజం, ఇప్పుడు దాని మీద సమయం వృథా చేయనక్కర్లేదు. ఇంకో అభ్యంతరం మాత్రం బరువైనది. అన్ని తలుపులకూ తాళాలు వేసి, కీ ఉంటేనే రానిస్తామంటే, ఏదో ఒకనాడు అడ్మినే బయట చిక్కుకుంటాడు. అందుకే లోపలి నెట్‌వర్క్ నుంచి ఒక సులువైన దారి ఉండాలి అంటారు. చిక్కుకోవడం నిజమే. 1988లో పురుగుకు భయపడి చాలా సంస్థలు మెయిల్ యంత్రాల తీగలు పీకేశాయి. దాంతో విరుగుడు చెబుతూ వచ్చిన ఈమెయిళ్ళు కూడా వాళ్ళకు అందలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ తన వెన్నెముక నెట్‌వర్క్‌కు మరమ్మతు చేస్తూ ఇచ్చిన ఒక ఆదేశంతో సుమారు ఆరు గంటలు మాయమైంది. నిర్వహణ కోసం విడిగా పెట్టుకున్న నెట్‌వర్క్ కూడా ఆ వేళకు పనిచేయలేదు; ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది, అక్కడి కట్టుదిట్టాలు దాటి యంత్రాన్ని చేరడానికీ సమయం పట్టింది. కాబట్టి రెండో దారి ఉండాలన్న మాట ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ దారి మొదటిదాని మీద ఆధారపడకుండా ఉండాలి గానీ, గుర్తింపు అడగకుండా ఉండాలని ఎక్కడుంది?

అనుభవం ఉన్న అడ్మిన్లు దీన్ని చిన్న చిన్న అలవాట్లతో నెట్టుకొస్తారు. ఎస్‌ఎస్‌హెచ్ అమరికలు మార్చేముందు కొత్త ఫైల్లో తప్పులున్నాయేమో ఆ ప్రోగ్రాం చేతనే తనిఖీ చేయిస్తారు. మార్చాక ఉన్న సెషన్ మూసేయరు. దాన్ని అలాగే ఉంచి, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూస్తారు. వచ్చిందా, అప్పుడు పాతది మూస్తారు. జునిపర్ రౌటర్లలో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అనే ఆదేశం ఉంది: మార్పు అమల్లోకి వస్తుంది, కానీ పది నిమిషాల్లోగా మళ్ళీ ధ్రువీకరించకపోతే యంత్రం తనంతట తానే పాత అమరికలోకి పోతుంది. అడ్మిన్ తన దారి తానే మూసుకున్నా పదో నిమిషానికి తెరుచుకుంటుంది. వీటిలో ఏదీ సర్వర్ పక్క గదిలో ఉండాలని కోరదు, ఎవరినీ గుడ్డిగా నమ్మమనదు.

నిర్వహణ తలుపును జనం వచ్చిపోయే తలుపుతో కలిపేస్తే ఏమవుతుందో 2021లో ఎక్స్‌ఛేంజ్ సర్వర్ల ఉదంతం చూపించింది. మార్చి 2న మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా ప్యాచ్‌లు విడుదల చేసింది. సంస్థలు సొంతంగా నడుపుకునే ఈ మెయిల్ సర్వర్లలో 443వ పోర్టు ద్వారా పాస్‌వర్డు లేకుండానే దూరగలిగే లోపం దొరికింది. ఉద్యోగులు ఉత్తరాలు చూసుకునే వెబ్ పేజీకీ, అడ్మిన్ సర్వర్‌ను నడిపే పేజీకీ దారి ఒకటే. బయటి నుంచి వచ్చిన అభ్యర్థనను ముందు భాగం వెనక భాగానికి అందిస్తుంది. లోపలి నుంచి వచ్చింది కదా అని వెనక భాగం నమ్ముతుంది. ఒకే సర్వర్ లోపల కూడా ‘లోపలివాడు’ అన్న నమ్మకం ఎంత ఖరీదైనదో చూడండి. దూరినవాళ్ళు తర్వాత రావడానికి వెబ్ షెల్ అనే చిన్న ఫైళ్ళు వదిలిపోయారు. ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ కోర్టు అనుమతి తీసుకుని, వందల సర్వర్లలోని ఆ ఫైళ్ళను అదే ఫైళ్ళ ద్వారా ఆదేశం పంపి తుడిచేసింది. ప్యాచ్ మాత్రం వేయలేదు, యజమానులకు ముందు చెప్పలేదు. దొంగలు పెట్టిన తలుపు గుండా పోలీసులు పరాయి మెయిల్ సర్వర్లను నిర్వహించారన్నమాట. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అడ్మిన్ పేజీని సర్వర్‌లోని 127.0.0.1 అడ్రసుకే, అంటే ఆ యంత్రానికి మాత్రమే వినబడేలా పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం ద్వారా దాన్ని చేరడం ఇప్పుడు అలవాటైన పద్ధతి. బల్ల దగ్గర కూర్చున్నవాడికీ విమానాశ్రయంలో ఉన్నవాడికీ అదే సొరంగం, అదే కీ.

చివరి అభ్యంతరం చిన్న ఆఫీసులది. పదిమంది పనిచేసే చోట ఇంత తతంగం ఎవరు చేస్తారు, మెయిల్ ఏదో పెద్ద కంపెనీకి అప్పగిస్తే పోలేదా? పోతుంది, చాలామందికి అదే మంచిది. అయితే అప్పగించిన రోజే లోకల్ నెట్‌వర్క్ అన్న మాటకు అర్థం పోతుంది. నిర్వహణ అంతా ఒక వెబ్ పేజీ, ఒక పాస్‌వర్డు, ఫోన్‌కు వచ్చే రెండో ధ్రువీకరణ. గూగుల్ అయితే తన మీద 2009లో జరిగిన దాడి తరవాత సొంత ఉద్యోగులకే ఈ పద్ధతి తెచ్చి, ఆఫీసులో ఉన్నంత మాత్రాన ఏ అదనపు హక్కూ రాదని 2014లో ప్రకటించింది. సొంత సర్వరే ఉంచుకునేవారికి మన దేశంలో ఇంకో బాధ్యత ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి, దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి. దూరినవాడు మొదట తుడిచేది లాగ్‌లనే కాబట్టి వాటి ప్రతి వేరే యంత్రానికి పోతుండాలి. ఆ రెండో యంత్రానికి మెయిల్ సర్వర్ కీ గానీ పాస్‌వర్డు గానీ పనిచేయకూడదు. మెయిల్ సర్వర్ దానికి వరుసలు పంపగలగాలి, పంపినవాటిని చెరపలేకపోవాలి. రెండూ ఒకే ర్యాక్‌లో, ఒకదాని మీద ఒకటి ఉన్నా సరే.